పేరు పెట్టని శంఖం

ఆ రాజ్యంలో కొత్తరకం శంఖాలు వచ్చాయి. ఇక్కడ ఒకరు తమ శంఖంలో కథ చెబితే, ఎంత దూరాన ఉన్నవాళ్లైనా తీరిక దొరికినప్పుడు తమ శంఖం చెవికి ఆనించుకుని వినొచ్చు.

నూకాలు పిల్లలిద్దరూ ఏటికి ఆవల మేనమామ ఇంట పెరుగుతున్నారు. శంఖంలో అమ్మ కథ వింటేగాని వాళ్లకు ముద్ద దిగదు.

ఇంతలో ఆస్థాన పండితుడు విశ్వపతి శాస్త్రి శంఖాలన్నిటినీ కొట్లో పెట్టించి తాళం వేయించాడు.

"వీటిని శ్రవణిక అనాలా, కథావాణి అనాలా? తగిన పేరు తేలేదాకా ఎవరూ వీటిలో కథ చెప్పకూడదు!"

పేరు ఎంతకీ తేలలేదు. నూకాలుకు ఒకచోట కాలు నిలవడం లేదు. పిల్లలు తిన్నారో, పస్తున్నారోనని గింజుకుంటూ చివరికి శాస్త్రి ఇంటికే వెళ్లింది. వసారాలో ఆయన కోడలు ఏడుస్తున్న పసివాణ్ణి పాలకు ఎత్తుకుంటోంది.

"ఆగు తల్లీ! బారసాల అయిందా?"

"ఇంకా లేదమ్మా, వచ్చే వారం."

"అయితే పాలివ్వకు. ముందు మీ మామగారిని పేరు తేల్చనీ."

కోడలు తెల్లబోయింది. బిడ్డ గుక్కపట్టాడు. శాస్త్రి లోపలినుంచి పరుగున వచ్చాడు.

"నీకేమైనా మతి పోయిందా? పేరు పెట్టేదాకా బిడ్డను పస్తు పెడతారటే ఎవరైనా?"

"నా పిల్లల్ని మీరు పెట్టారుగా, బాబుగారూ!"

శాస్త్రి మొలలోని తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

పేరు గురించి సభలో వాదన ఇంకా సాగుతూనే ఉంది. ఏటికి ఆవల పిల్లలు మాత్రం "అమ్మొచ్చింది" అంటూ శంఖం చెవిన పెట్టుకుని కంచాల ముందు కూర్చుంటున్నారు.