లారీ మూతికి చిక్కం

ఘాట్ రోడ్డు మలుపులో ఆ లారీని మీరూ చూశారు. ఏం చూశారో చెప్పండి. నల్లటి పొగ, అంతేనా? అందరూ అదే చెబుతారు. ఆ పొగ ఎందుకొస్తోందో ఒక్కరైనా దిగి చూశారా?

దాన్ని నడిపేది మైలయ్య అనే ఎద్దు. సగం బతుకు కాడి కింద అరగదీసి, ఆఖరికి స్టీరింగు పట్టినవాడు. ఒకప్పుడు కాడికి కుడివైపు తను, ఎడమవైపు కర్రెన్న. కాడి మూలపడ్డాక కర్రెన్నను కొండ మీది గూడేనికి తోలుకుపోయారు. ఇప్పటికీ మైలయ్య తన ఎడమపక్కన ఇంకో ఎద్దుకు సరిపడా చోటు వదిలే పడుకుంటాడు.

కర్రెన్న గుర్తుగా మిగిలింది అతని చిక్కం ఒక్కటే. పనిలో మేత ముట్టకుండా ఎద్దు మూతికి కట్టే తాళ్ళ బుట్ట అది. దానికి లోపల గోనెపట్ట కుట్టి, లారీ గాలి పీల్చే గొట్టానికి బిగించాడు మైలయ్య.

"పనిచేసే గొడ్డుకు చిక్కం ఉండాలి. లోపలికి దుమ్మూ పోదు, మావాడు నా పక్కనే ఉన్నట్టూ ఉంటుంది" అనేవాడు.

కొండ కింద నక్క బండి మందుల సీసాల దుకాణం పెట్టింది.

"ఏం మామా, మళ్ళీ మలుపులోనే ఆగిందా?"

"ఆగిందిరా అల్లుడూ. ఉప్పు బస్తాలెత్తితే చాలు, దగ్గు. వానలు పడితే దారి మూసేస్తారు. ఈలోగా ఒక్కసారి కర్రెన్నను చూడాలి."

నక్క గొట్టం వైపు చూసింది. చిక్కాన్నీ చూసింది. నీలం సీసా ఒకటి తీసింది.

"డీజిల్‌లో కలుపు. ఏనుగు బలం వస్తుంది. కానీ ముందు బస్తాలు దించి, బండి పల్లానికి తిప్పు."

లారీ పల్లంలో పరుగెత్తింది.

"చూశావా మామా!"

"చూశాన్రా!" మైలయ్యకు కళ్ళు చెమర్చాయి. పల్లానికి దొర్లే గుమ్మడికాయకు ఏ మందు పోశారని అడగాలని తోచలేదు ఆ పిచ్చివాడికి!

ఎగువకు తిరిగితే మళ్ళీ అదే దగ్గు.

"మొదటి సీసా మురికి కడిగింది మామా. బలమిచ్చేది రెండోది."

రెండోదీ అయింది. తర్వాత ఇంకోటి. ఎండాకాలమంతా సీసాల్లోనే పోయింది.

తొలి చినుకు పడిన రోజు మైలయ్య అన్నాడు: "అల్లుడూ, ఇవాళ నువ్వూ ఎక్కు. మందు ఇచ్చినవాడు పక్కనుంటే నాకు ధైర్యం."

కొండపై సంతలోనూ సీసాలమ్మొచ్చని నక్క పెట్టెతో సహా ఎక్కింది. మలుపులో లారీ దగ్గింది, ఆగింది, వెనక చక్రం లోయ అంచుకు జారింది.

"చిక్కం విప్పు మామా! గాలాడక చస్తోంది!" అని నక్క కెవ్వుమంది.

మైలయ్య బ్రేకు మీద కాలు తియ్యకుండా అడిగాడు: "నీకెప్పుడు తెలిసింది?"

నక్క నాలుక కరుచుకుంది. "మొదటిరోజే..."

"మరి సీసాలెందుకు పోయించావురా?"

"నువ్వడిగావు, నేనిచ్చాను."

చేతి బ్రేకు లాగి దిగి, చక్రానికి రాయి పెట్టి, మైలయ్య ముడి విప్పాడు. గోనెపట్ట దుమ్ముతో కుండపెంకులా గట్టిపడింది. ఒక్కసారి వాసన చూసి, సీట్లోకెక్కి చిక్కాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. స్టార్టు చేస్తే ఇంజను గుండెనిండా గాలి పీల్చింది. పొగ పలచబడింది.

"దిగరా."

"ఈ వానలో, ఇంత పెట్టెతో కొండెలా ఎక్కను మామా?"

"తాగు. ఏనుగు బలం కదా!"

పైన గూడెంలో కర్రెన్న కొట్టం ఖాళీగా ఉంది. పక్కన తడుస్తున్న కొంగ చెప్పింది: "పొద్దునే వాగు అవతలి మేతకు తోలారు తాతా. ఎండాకాలమంతా లారీ చప్పుడైతే చాలు, దారికొచ్చి నిలబడేవాడు."

వాగు పొంగి పారుతోంది. మైలయ్య గట్టున లారీ ఆపి హారన్ మోగించాడు. చాలాసేపటికి, వాన చప్పుడులోంచి, అవతలి ఒడ్డున మెడగంట ఒకటి పలికింది. వాగు తగ్గేదాకా మైలయ్య అక్కడే ఉన్నాడు, ఎడమపక్కన చోటు వదిలి.

సీసా మందు మురికి కడిగితే కడగొచ్చు, ఊపిరి మాత్రం పొయ్యలేదు. సీసా మూత తిప్పే ముందు నాకు జవాబు చెప్పండి: మీ బండి మూతికి మీరేం కట్టారు?