సముద్రంలోంచి వచ్చిన పసుపుపచ్చ పిల్ల

అనగనగా సముద్రం ఒడ్డున గుల్లపేట అని ఒక ఊరు కన్నా. ఆ ఊళ్ళో మరిడమ్మ, ఎర్రయ్య అని మొగుడూ పెళ్ళాలు. ఎర్రయ్య వేటకెళ్ళేవాడు, మరిడమ్మ చేపలమ్మేది. వాళ్ళకి పిల్లల్లేరు. మరిడమ్మ రోజూ గంగమ్మతల్లికి దణ్ణం పెట్టుకుని, "ఒక్క నలుసునియ్యి తల్లీ" అనేది.

ఒకరోజు పొద్దున్నే పెద్ద అల వచ్చి, ఒడ్డున ఏదో దింపేసి వెళ్ళిపోయింది. పసుపుపచ్చగా, గుండ్రంగా, నీ అంత పొడుగుంది. నెత్తిన సన్నటి పిలక. మరిడమ్మ పరిగెత్తుకెళ్ళింది. "గంగమ్మ నాకే పంపింది" అని చంకనెత్తుకుని ఇంటికి తెచ్చేసింది.

"దానికి పాలు కూడా పడతావేటి వదినా?" అని పక్కింటి పోలమ్మ ఒకటే నవ్వు.

"నీకెందుకే, కళ్ళు కుట్టాయా?" అంది మరిడమ్మ.

అప్పుడు నలుగు పెట్టి వేడివేడి నీళ్ళు పోసింది. ఆ తర్వాత కుంపటి పక్కనే పెట్టి సాంబ్రాణి వేసింది. ఆ తర్వాత చుట్టూ దీపాలు వెలిగించింది.

ఇంతకీ అదేమిటో తెలుసా? నీకు జ్వరమొస్తే థర్మామీటరు పెడతామే, అలాంటిదే, సముద్రానికి. అడుగుదాకా మునుగుతుంది, పైకి తేలుతుంది, ఎక్కడెంత వేడి ఉందో పిలకతో పట్నానికి కబురు పంపుతుంది. ఒడ్డున పడ్డా పాపం దాని పని అది మానలేదు.

పట్నంలో ప్రమీల అనే అమ్మాయి ఆ కబుర్లు చూసేది. సముద్రం మీద పరిశోధన చేసే పిల్ల. మరిడమ్మ వేణ్ణీళ్ళు పోస్తే అక్కడ ప్రమీల ఉలిక్కిపడింది. సాంబ్రాణి వేస్తే కుర్చీలోంచి లేచింది. దీపాలు పెట్టేసరికి వాళ్ళ పెద్దాయన దగ్గరికి పరిగెత్తింది.

"సార్, గుల్లపేట దగ్గర సముద్రం ఉడికిపోతోంది."

"అయితే చేపల పులుసు తయారన్నమాట. వెళ్ళి ఉప్పు చూసి రా" అన్నాడాయన.

ప్రమీల జీపెక్కి వచ్చింది. సముద్రం మామూలుగానే ఉంది. కబురేమో ఊళ్ళోంచి వస్తోంది. అప్పుడు ఇల్లిల్లూ వెతికితే, మరిడమ్మ ఇంట్లో దీపాల మధ్య బొట్టూ కాటుకా పెట్టుకుని నిలబడి ఉంది ఆ యంత్రం. ప్రమీల కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ తర్వాత, "ఇచ్చెయ్యండి పిన్నీ" అంది.

మరిడమ్మ రెండు చేతులా దాన్ని వాటేసుకుంది. "నా పిల్లనివ్వను."

"సముద్రం ఏడాదికేడాది వేడెక్కుతోంది పిన్నీ. అలా వేడెక్కితే తుపాన్లు బలుస్తాయి, చేపలు చల్లటి చోటు వెతుక్కుంటూ పోతాయి. ఆ సంగతి మనకి ముందే చెప్పేది ఇలాంటివే. బాబాయి రోజూ వెళ్ళేది ఆ నీళ్ళ మీదకే కదా."

మరిడమ్మ ఎర్రయ్య వంక చూసింది. దాని పిలక సవరించి, "అయితే ఉత్తి చేతుల్తో మాత్రం పంపను" అంది.

ఇంకేముంది, ఊరు ఊరంతా కదిలింది. ఆడపిల్లని అత్తారింటికి పంపినట్టు చలిమిడి చేశారు, పసుపూ కుంకుమా పెట్టారు, డప్పులు మోగించారు. ప్రమీల దాన్ని శుభ్రంగా తుడిచి, అన్నీ సరిచూసింది. అప్పుడు ఎర్రయ్య పడవలో లోతు నీళ్ళకి తీసుకెళ్ళారు. మరిడమ్మే తన చేతుల్తో వదిలింది. అది బుడుంగున మునిగిపోయింది. పిలక కూడా కనబడలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఫోను మోగింది. ఊరంతా మరిడమ్మ చుట్టూ మూగింది.

"పిన్నీ, కబురొచ్చింది. పైన నీళ్ళు నిరుటికంటే వేడిగా ఉన్నాయి. కింద చల్లగా ఉంది. చేపలు కిందికి దిగి ఉంటాయి, వల లోతుగా వేసి చూడమనండి."

మగవాళ్ళు కేకలేసుకుంటూ వలల దగ్గరికి పరిగెత్తారు. మరిడమ్మ మాత్రం ఫోను చెవికి అదిమిపెట్టుకుని అక్కడే నిలబడింది.

"నువ్వు చెప్పింది సముద్రం సంగతి పాపా. నా పిల్ల సంగతి చెప్పు."

ప్రమీల ముందున్న లెక్కల కాయితాలు పక్కకి నెట్టింది. "బాగుంది పిన్నీ. పైకొచ్చింది, ఊపిరి పీల్చుకుంది, మళ్ళీ ఆడుకోడానికి పోయింది."

కథ కదిలె కంచికి,
కడలి పిల్ల నీళ్ళకి,
కబురు వచ్చె ఒడ్డుకి,
కన్నా, నువ్వు నిద్దరకి.