కార్యదర్శి స్వహస్తంతో రాసింది

రాజులు పోయినా దివాన్జీలు మిగిలిపోయిన ఊరది. అక్కడి గ్రంథాలయ కార్యదర్శి భుజంగరావు, టైపిస్టు నూకరత్నం రాసిన ఊరి చరిత్రలన్నీ తన పేరుతో అచ్చేయించుకున్నాడు. పాత కంప్యూటర్‌కి కొత్త హార్డ్ డిస్క్ వేస్తే పుస్తకాలన్నీ అందులోనే భద్రంగా ఉంటాయి, ఇక ఆమెతో పనుండదని సభ్యులకు నచ్చజెప్పి, వాళ్ళ ముందే ఆమెకు పురమాయించాడు.

"నేను రాసినవే కొత్తదాంట్లోకి ఎక్కించమ్మా. నీ చెత్తంతా వదిలెయ్."

"అలాగేనండి."

కొత్త డిస్క్‌లోకి ఆయన రాసింది మాత్రమే ఎక్కించి, బిగించి ఆన్ చేసింది. తెర మీద ఒక్కటే కాగితం: ఆమెను ఉద్యోగంలోంచి తీసేస్తూ, నిన్న ఆయనే అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టిన ఉత్తర్వు.

"నా పుస్తకాలేవీ?"

నూకరత్నం పాత డిస్క్ చూపించింది. "ఇందులో ఉన్నాయండి. ఎవరు రాశారని ఎక్కించమంటారు?"

సభ్యులంతా ఆయన వైపు తిరిగారు.

"నువ్వేనమ్మా," అన్నాడు నేల చూస్తూ.

తెర మీది ఉత్తర్వు అలాగే ఉంది. దాన్నెలా తీసెయ్యాలో ఆయనకు తెలీదు. ఆమెను అడగడానికి మొహం చెల్లలేదు.