పళ్ళాలు కొరకని గింజ

గోదావరి నడుమ మా లంకలో జంతువులకి పెద్ద షాపింగు ఏడాదికి ఒక్కసారే. ఏటి నీళ్ళు ఎర్రబడ్డాయంటే వారం తిరక్కుండా వరద వస్తుంది. లంకంతా మునిగి మెట్టదిబ్బ ఒక్కటే తేలుతుంది. నీళ్ళు తీసేదాకా దిబ్బ మీద ఎవరు తెచ్చుకున్నది వాళ్ళు తినాలి. అందుకని నీళ్ళ రంగు మారగానే అందరూ రేవులో నక్క గవర్రాజు కొట్టుకి పరిగెడతారు.

ఈసారి అందరికంటే ముందు పందికొక్కు పళ్ళాలు వెళ్ళాడు. ఆయన బొరియ దిబ్బ మీదే ఉంది, ముంపు భయం లేదు. భయమల్లా బొరియలో ఉన్న తొమ్మిదిమంది పిల్లల గురించే. వాళ్ళు నిద్రలో కూడా నములుతూనే ఉంటారు.

గవర్రాజు పది వడ్ల సంచులు చూపించాడు. బొద్దుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఉండవా మరి, బరువు తూగాలని ముందురోజే వాటిని ఏట్లో ముంచి తీసి, గోనె పైపైన ఆరేదాకా ఎండలో పెట్టాడు. పదీ కలిపి తీసుకుంటే బెల్లం దిమ్మ ఉచితమన్నాడు. కుట్టిన మూతి వరద వచ్చేదాకా విప్పొద్దనీ, విప్పితే గాలి తగిలి పురుగు పడుతుందనీ జాగ్రత్తలు చెప్పాడు. బదులుగా పళ్ళాలు ఇంట్లో దాచిన రెండు తట్టల ఎండు రొయ్యలూ అడిగాడు.

సంచి ఎత్తబోతే పళ్ళాలుకి నడుం పట్టేసింది. దాంతో సరుకు మీద నమ్మకం కుదిరిపోయి, రొయ్యలకి సరేనన్నాడు.

కొట్టు గుమ్మంలోనే చీమల మామ్మ బుల్లెమ్మ కూడా సరుకు తీసుకుంటోంది. ఆవిడ షాపింగు చూస్తే ఎంత ఓపికున్నవాడికైనా ఆవలింత వస్తుంది. ఒక గింజ తీసుకోవడం, కొరకడం, కటుక్కుమంటే నెత్తికెత్తుకోవడం, లేకపోతే పక్కన పడేయడం. పళ్ళాలు సంచి కుట్టులోంచి జారిన గింజని కూడా అలాగే కొరికి, పక్కన పడేసింది.

"ఒక్కటి కొరికి చూడు బాబూ. నాకు మెత్తగా దిగింది," అంది.

"బస్తాల్లెక్కన కొనేవాడు గింజలు కొరుక్కుంటూ కూర్చుంటాడా మామ్మా? నీ బేరం తెమిలేసరికి వచ్చే ఏడాది వరద కూడా వచ్చేస్తుంది," అన్నాడు పళ్ళాలు.

తలుపులూ తాళ్ళూ సరే, ఒకసారి రైతుగారి రేడియో కూడా కొరికిన మనిషి, అదే, పందికొక్కు, ఆ రోజు మాత్రం ఒక్క వడ్లగింజ కొరకలేదు.

ఆరో రోజున గోదారి వచ్చింది. వచ్చిందంటే తక్కువ చెప్పినట్టు, లేచి నిలబడింది. నిన్నటిదాకా గట్టున ఉన్న తాడిచెట్లు నిలువునా నడుచుకుంటూ పోయాయి. అవతలి ఒడ్డు లేదు, ఇవతలి ఒడ్డు లేదు, ఆకాశానికి కింద ఎర్రటి నీరు ఒక్కటే. పళ్ళాలు పిల్లలు తొమ్మిదిమందీ నమలడం ఆపి చూశారు. పుట్టాక వాళ్ళ దవడలు ఆగింది అప్పుడే.

బెల్లం దిమ్మ మర్నాటికి అయిపోయింది. పళ్ళాలు మొదటి సంచి విప్పాడు. లోపల్నించి వేడి ఆవిరీ పులిసిన వాసనా కొట్టాయి. గింజలు కనబడలేదు, తెల్లటి వేళ్ళు జడలు కట్టి ఉన్నాయి. పది సంచులూ అంతే. రెండు రోజులకి బొరియ కన్నాల్లోంచి పచ్చటి మొలకలు బయటికొచ్చి, ఇల్లు నారుమడిలా తయారైంది. పిల్లలు అవి నమిలి ఉమ్మేశారు. చిన్నది ఏడవడానికి కూడా ఓపిక లేక పడుకుంది.

సిగ్గు చంపుకుని పళ్ళాలు పక్క పుట్టకి వెళ్ళాడు. బుల్లెమ్మ ఏమీ దెప్పలేదు, లోపలికి చూడమంది. మూతి దూర్చి చూసినవాడు కాసేపు తీయలేదు.

గది వెనక గది, గది కింద గది. అన్నిట్లోనూ గింజలే, మట్టి అంటకుండా, తడి తగలకుండా. వాన తెరిపిచ్చిన ప్రతిసారీ చీమలన్నీ వాటిని పైకి మోసి ఆరబోసి, మళ్ళీ లోపల పెడుతున్నాయి. ఒక్కటీ మొలవలేదు. దగ్గరగా చూస్తే ప్రతి గింజకీ మొలకొచ్చే ముక్కు కొరికేసి ఉంది.

"ఎన్నిటిని కొరికావు మామ్మా?" అడిగాడు పళ్ళాలు.

"అన్నిటినీ బాబూ."

ఆ పూటకి పిల్లలకి సరిపడా గింజలు పెట్టింది. అంతకుమించి పెడితే పుట్టలోవాళ్ళు పస్తులుంటారు. వరద చూస్తే ఇంకా నాలుగు రోజులుండేలా ఉంది.

అప్పుడొచ్చాడు గవర్రాజు, అరటిబోదె మీద తేలుతూ, రెండు తట్టల రొయ్యలూ ఒళ్ళో పెట్టుకుని. కొట్టు కొట్టుకుపోయిందట. దిబ్బ మీద ఇంత చోటిమ్మని అందర్నీ బావా, అత్తా అంటూ బతిమాలాడు. వచ్చే ఏడాది సరుకు కొనాల్సిన వాళ్ళంతా చుట్టూ మూగి ఉన్నారు.

బుల్లెమ్మ ముందుకొచ్చింది. "చోటుకేం నాయనా. నువ్వు పళ్ళాలుకిచ్చిన సరుకు మంచిదేనా?"

అంతమందిలో కాదనగలడా. "అలాంటిది లంకలో లేదు మామ్మా. నేనైతే కళ్ళు మూసుకుని తింటాను."

"అయితే మంచిదే. తట్టలు దించి, నీ సంచులు నువ్వే తీసుకో."

నాలుగు రోజులు పళ్ళాలు బొరియలో తొమ్మిది దవడలు రొయ్యలు నమిలాయి. గవర్రాజు మాట తప్పలేదు, మొలకెత్తిన వడ్లని కళ్ళు మూసుకునే తిన్నాడు.

నీతి: వరదలో తినబోయే గింజని ఎండలో ఉండగానే కొరికి చూడాలి.