దూలం మీద ఒకరు, పొయ్యి దగ్గర ఒకరు

"దాని పేరు ముందు చదివితే నేను ఆ పంక్తిలో కూర్చోను. కూర్చోనంటే కూర్చోను!"

వీధి ఆ చివర నుంచి వినబడిన ఆ కేక దీనమ్మగారిది. ఎనభై దాటిన మనిషికి అంత గొంతు ఎక్కడిదా అనుకుంటూ నేను టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. మర్నాడు మా పేట గుడికి నూరేళ్ళ పండుగ. ఆరాధనలో గుడి చరిత్ర చదవాలి, ఆ తరవాత అందరూ పంక్తిలో కూర్చుని తినే ప్రేమవిందు. చరిత్ర రాసి చదివే పని సంఘపెద్దలు ఫిలేమోనుకి అప్పగించారు. ఫిలేమోను బైబిలు ట్రైనింగు చదువుతున్న కుర్రాడు, బుద్ధిమంతుడే. కాకపోతే దీనమ్మగారి తోడికోడలు సువార్తమ్మగారికి స్వయానా కొడుకు కొడుకు. ఇంక ఊరుకుంటుందా దీనమ్మగారు!

ఈ తోడికోడళ్ళ సంగతి కాస్త చెప్పాలి. మధ్యలో ఒకే గోడ, అటొకరు ఇటొకరు. ఒకరి పెరట్లో మల్లెపొద పూస్తే రెండో ఆవిడకి ఆ వాసన పడేది కాదు, తలనొప్పి అనేవారు. ఒకావిడ గుడికి గంజి పెట్టిన తెల్లచీర కట్టుకొస్తే, పైవారం రెండో ఆవిడ చీర అట్టముక్కలా నిలబడేది. ఇద్దరూ పక్కపక్కనే మోకరించి, ఎవరు ఎక్కువసేపు కళ్ళు మూసుకున్నారో ఒకరినొకరు ఓరకంట చూసుకునేవారు. అసూయ అంటే అదేదో పెద్ద పెద్ద వాళ్ళకుండేది అనుకుంటాం గాని, అది గోడ పక్కనే కాపురం ఉంటుంది.

ఫిలేమోను మొహం వేలాడేసుకుని నతానియేలు అయ్యగారి వసారాలోకి వచ్చాడు. అయ్యగారు పాస్టరు పనినుంచి విశ్రాంతి తీసుకున్నా, శనివారాలు ఇలాంటి కుర్రాళ్ళకి సంఘచరిత్ర చెప్పేవారు. ఆయనకో అలవాటు ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు, లేచి చెప్పులు వేసుకుంటారు. నేను కూడా వెళ్ళి వసారా మెట్టుమీద చేరాను. ఇలాంటివి వదులుకునే మనిషిని కాను.

ఫిలేమోను తన బాధ చెప్పుకున్నాడు. కాలేజీలో వాడికి మూడు పుస్తకాలు ఇచ్చారట. ఒకటి రోము కాథలిక్కు సంఘం వాళ్ళు రాసింది, ఒకటి మనబోటి సంస్కరణ సంఘాలవాళ్ళు రాసింది, మూడోది అసలు దేవుణ్ణే నమ్మనాయన రాసింది. మొదటి ఇద్దరూ ఒకరినొకరు దొంగలంటారు, మూడో ఆయన ఇద్దర్నీ అంటాడు. పోనీ మన పేట చరిత్రైనా తిన్నగా రాద్దామంటే అదీ అలాగే ఉంది. పెద్ద గాలివానకి గుడి కప్పు ఎగిరిపోయిన ఏడు, ఆ గుడిని నిలబెట్టింది ఎవరు? సువార్తమ్మగారు అంతా నేనే అంటుంది, దీనమ్మ అప్పుడు తాడు అందించడం కూడా తెలియని పిల్ల అంటుంది. దీనమ్మగారు కప్పు వేసింది నేనే అంటుంది, ఎవరూ గుక్కెడు నీళ్ళయినా ఇవ్వలేదంటుంది. ఒక పేరు చదివితే రెండో ఆవిడ లేచిపోతుంది. ఆవిడ వెనకాల కొడుకులూ కోడళ్ళూ, అంటే సగం పేట పంక్తిలోంచి లేచిపోతుంది. నూరేళ్ళ గుడి ఆ పూటతో రెండు గుళ్ళవుతుంది.

"అందుకని మిషనువాళ్ళు అచ్చు వేసిన పాత రిపోర్టు తెప్పించానండి," అన్నాడు. "అది రాసిన దొరగారికి ఇద్దరిమీదా పక్షపాతం లేదు కదా. అందులో ఇంతే ఉంది. గాలివానకు కప్పు పోయెను, దైవకృపచేత మరల వేయబడెను."

"ఆయనకి పక్షపాతం లేదు నాయనా," అన్నారు అయ్యగారు. "ఆయన అప్పుడు ఊటీలో ఉన్నాడు."

ఫిలేమోను చేతిలో రిపోర్టు మడిచేసి, "మరి పక్షపాతం లేని చరిత్ర ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగాడు. అయ్యగారు లేచి చెప్పులు వేసుకున్నారు.

ముందు సువార్తమ్మగారింటికి వెళ్ళాం. ఆవిడ మనవణ్ణి చూసి మురిసిపోతూ గాలివాన కథ మొదటినుంచీ ఎత్తుకోబోయింది. అయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు. "నీ సంగతి వీడు రాసుకున్నాడమ్మా. ఆ దీనమ్మలో నువ్వు ఇన్నేళ్ళూ ఓర్చుకోలేనిది ఏమిటో అది చెప్పు."

ఇలాంటి ప్రశ్న ఎవరడిగారు ఆవిణ్ణి! ఆవిడ పమిటచెంగుతో మొహం తుడుచుకుని మొదలుపెట్టింది. మగవాళ్ళంతా కామందుల పశువులపాకలు కప్పడానికి పోయారట. "అది అప్పుడు కొత్తకోడలు. చీర ఎగదోపుకుని కోతిలా దూలం ఎక్కి కూర్చుందండీ. నేను కింద పొయ్యి దగ్గర పొగలో కళ్ళు పోగొట్టుకుంటుంటే, వచ్చినవాళ్ళంతా తల పైకెత్తి దాన్నే చూడ్డం. పని నించొచ్చి మా ఆయన కూడా. నా జావ తాగుతూ దాన్ని మెచ్చుకున్నాడు. అది కప్పిన తాటాకు ఆ ఏడు వానలన్నిటికీ ఒక్క చుక్క కారలేదు అయ్యగారూ. ఒక్కచోట కారితే బాగుండునని, ఆ కప్పు కిందే కూర్చుని ప్రార్థన చేశాను."

ఫిలేమోను నోరు తెరవబోతే అయ్యగారు వాడి భుజం నొక్కి బయటికి తీసుకొచ్చారు. అక్కణ్ణుంచి గోడ అవతలికి.

దీనమ్మగారు మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు. మీ మామ్మ రాయించిందంతా రాసేశావురా, ఇంక నాతో పనేముంది అని ఫిలేమోనుని దెప్పింది. అయ్యగారు ఆవిణ్ణీ అదే అడిగారు. సువార్తమ్మలో నువ్వు ఓర్చుకోలేనిది ఏమిటని.

"ఏముంది, దాని చెయ్యి," అంది. "నేను దూలం దిగేసరికి ఆకు కోసుకుని అరచేతులు నెత్తురోడుతున్నాయి. ఎవరైనా చూశారా? అంతా దాని నూకల జావ చుట్టూ చేరారు. ఊరంతా తడిసిపోతే దానింట్లో అటకమీది నూకలే పొడిగా ఉన్నాయి, మొత్తం వండి పోసింది మహాతల్లి. నాకూ పోసింది. అడుగునున్న చిక్కటిది తెచ్చి నాకే పోసింది. ఇంక నేనేమనను? మా ఆయన పోయేదాకా వదిన జావ, వదిన జావ అన్నాడు. నేను ఎన్నిసార్లు కాచినా ఆ రుచి రాలేదు. అందులో ఏం వేసిందో ఈరోజుకీ చెప్పలేదు."

చెప్పేసి, ఏదో పారేసుకున్నదానిలా చేతుల్లోకి చూసుకుంది.

వీధిలోకి వచ్చాక ఫిలేమోను ఇంతకీ ఎవరిది నిజమండీ అన్నాడు. నిన్నటిదాకా రాసింది వదిలేసి ఇవాళ విన్నది రాయమని మాత్రం చెప్పి, అయ్యగారు ఇంటికి పోయి చెప్పులు విప్పేశారు.

ఆదివారం గుడి నిండిపోయింది. ఫిలేమోను కాయితం తీసి చదవడం మొదలుపెట్టాడు. గాలివాన దగ్గరికి వచ్చేసరికి అందరి తలలూ తోడికోడళ్ళవైపు తిరిగాయి. వాడు చదివాడు: "దీనమ్మగారు దూలం మీద కూర్చుని తాటాకు కప్పారనీ, ఆ కప్పు ఒక్క చుక్క కారలేదనీ సువార్తమ్మగారు చెప్పారు. ఊరంతా తడిసిన రోజుల్లో సువార్తమ్మగారు తన నూకలన్నీ వండి పనివాళ్ళకి జావ పోశారనీ, అలాంటి రుచి మళ్ళీ ఎరగననీ దీనమ్మగారు చెప్పారు."

అబ్బ, ఆ ఇద్దరి మొహాలూ చూడాలి! కాదందామంటే తన మాటే అబద్ధమని ఒప్పుకోవాలి, ఔనందామంటే రెండోదాన్ని మెచ్చుకున్నట్టవుతుంది. నేను అలా అన్నానా అని ఒకరినొకరు తీక్షణంగా చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. నాకు తెలిసి ఓరకంట కాకుండా ఎదురుగా చూసుకోవడం అదే మొదలు.

షామియానా కింద పంక్తులు వేశారు. సగం పేట నిలబడి ఉంది, దీనమ్మగారు ఏం చేస్తుందో చూద్దామని. ఆవిడ గొణుక్కుంటూ వచ్చి మొదటి ఆకు ముందు కూలబడింది. సువార్తమ్మగారు కొంచెం ఎడంగా వెళ్ళబోయి, ఎడంలో ఖాళీ లేక పక్కనే కూర్చుంది. వడ్డన మొదలయ్యాక, ఎటో చూస్తూ, ఎవరికో చెబుతున్నట్టు అంది.

"వాము. రెండు వేళ్ళకి వచ్చినంత."

దీనమ్మగారు తల ఊపలేదు గాని, వేళ్ళు రెండూ కలిపి చూసుకుంది. అప్పుడు పేటంతా కూర్చుంది.

ఫిలేమోను అయ్యగారి పక్కన చేరి, నా మూడు పుస్తకాల సంగతి చెప్పలేదండీ అన్నాడు. నేను ఆయన కాళ్ళవైపు చూశాను. చెప్పులు షామియానా బయట ఉన్నాయి, ఈసారి లేవరన్నమాట.

"మూడూ చదువు," అన్నారు అయ్యగారు పలావు కలుపుకుంటూ. "తిట్టుకుంటున్న చోట నెమ్మదిగా చదువు. తిడుతూ తిడుతూ ఎవరైనా ఎదుటివాడి జావ తాగానన్నాడేమో చూడు. ముందు తిను నాయనా, చల్లారిపోతోంది."