గాలాడని గోడ

పొద్దెక్కిన నాలుగో గడియకు దివాను కొత్త మందిరంలో ఒక గది గోడను గోటితో గీకాడు. సున్నం ముద్దగా ఊడొచ్చింది. దిష్టి తగలకూడదని నెలరోజులుగా ఆ గది తలుపులూ కిటికీలూ మూయించింది ఆయనే.

"కల్తీ సున్నం, ప్రభూ. మేస్త్రీ పోలయ్యకు వంద కొరడా దెబ్బలు వేయించండి" అన్నాడు రాజుతో.

"గాలి తగిలితేనే సున్నం బిగుస్తుంది బాబయ్యా" అన్నాడు పోలయ్య.

"గోడకు గాలెందుకురా?" అన్నాడు దివాను.

"అక్కర్లేదంటే తమరే లోపల కూర్చోండి. తలుపు సందులు నేను మెత్తుతాను. సాయంత్రందాకా ఉంటే నా వీపు తమదే."

రాజు తలూపాడు. దివాను లోపలికి వెళ్లాడు. రెండు గడియలకే ఊపిరాడటం లేదని అరుస్తూ తలుపు బాదాడు.

"గోడదీ నెలరోజులుగా అదే బాధ. దానికి నోరు లేదు" అన్నాడు పోలయ్య.

రాజు శిక్ష రద్దుచేసి, కిటికీలన్నీ తెరిపించాడు.

మనిషి వదిలే ఊపిరికి సున్నం మరింత త్వరగా బిగుస్తుంది. పదిరోజుల తర్వాత చూస్తే, అన్నిటికంటే ముందు గట్టిపడింది తలుపు పక్కన దివాను నిలబడి అరిచిన మూల.