మూడక్షరాల పిలుపు

అనగనగా ఒక రాజు. ఆయనకి ముగ్గురు కొడుకులు, వాళ్ళ తర్వాత ఒక్కగానొక్క కూతురు. కూతురి పేరు చెప్తాను, నిద్రపోకండర్రా: శ్రీరత్నసింహాసన కులదీపిక చంద్రహేమలతాదేవి! కోటలో అందరూ అలాగే పిలవాలని రాజాజ్ఞ. ఏం చాదస్తమో!

ఒకరోజు కరాళకంఠుడనే మాంత్రికుడు ఆ పిల్లని ఎత్తుకుపోయి, ఏడు సముద్రాల అవతల గుహలో నిద్రపుచ్చేశాడు. రాజు అన్నం మానేశాడు.

పెద్దకొడుకు జయకేతు బయల్దేరాడు. సముద్రాలు దాటించిన తాబేలు చెప్పింది: "బాబూ, గుహ ముందు పంజరంలో చిలకుంది. మాంత్రికుడి ప్రాణం దాంట్లోనే. మూడక్షరాల్లో పిలిస్తే మీ చెల్లెలు లేచి రావాలి. వస్తే పంజరం తెరుచుకుంటుంది. నాలుగో అక్షరం పలికావో, రాయైపోతావు."

"రాజకుమార్తెని మూడక్షరాలతో పిలుస్తానా? పరువేం కాను!" అని పూర్తి పేరు ఎత్తుకున్నాడు. చిలక నాలుగు లెక్కపెట్టేసరికి రాయైపోయాడు.

రెండోవాడు మణికేతు తెలివైనవాడు. పేరులో మూడు మాటల మొదళ్ళు ఏరాడు. "శ్రీ! కు! చం!" అన్నాడు.

"ఒకటి, రెండు, మూడు," అంది చిలక. లెక్క సరిపోయింది. కానీ ఆ పిల్ల కదిలితేనా! అది తన పేరని తనకెలా తెలుస్తుంది పాపం? "లేవవేం తల్లీ!" అని బావురుమన్నాడు మణికేతు. వాడూ రాయే.

తాబేలు కళ్ళు తుడుచుకుంటూ మూడోవాణ్ణి తీసుకొచ్చింది. వాడి పేరు సోమకేతు. అన్నలిద్దరూ రాళ్ళై ఉంటే వాడికి ఏడుపు ముంచుకొచ్చింది. నాన్న సంగతి, అన్నల సంగతి, అన్నీ చెల్లెలితో చెప్పుకోవాలనుంది. నోరు నొక్కుకున్నాడు. నాన్న కంటపడకుండా తలుపుచాటున దాన్ని ఆటకి ఎలా పిలిచేవాడో, అలాగే చేతులు చాచి పిలిచాడు.

"చిట్టీ, రా!"

"ఒకటి, రెండు, మూడు," అంది చిలక.

"అన్నయ్యా!" అంటూ ఆ పిల్ల కళ్ళు నులుముకుంటూ పరుగెత్తుకొచ్చి మెడకి చుట్టేసుకుంది. పంజరం తెరుచుకుంది. చిలక తుర్రుమంది, దాంతోపాటే మాంత్రికుడి ప్రాణమూ పోయింది. రాళ్ళు మళ్ళీ అన్నలయ్యాయి.

జయకేతు సిగ్గుపడుతూ, "మేమూ అలా పిలవచ్చా?" అన్నాడు.

ఆ పిల్ల పెద్దన్న వీపెక్కి కూచుని, "పిలవకపోతే మాట్లాడను, పో!" అంది.

ఇంటికొచ్చాక రాజు తన ఆజ్ఞ తనే చింపేశాడు. పెద్దయ్యాక ఆ పిల్ల మెచ్చినవాణ్ణి పెళ్ళాడి, నాన్న తర్వాత తనే రాజ్యమేలింది. ఊళ్ళో పాలు తాగే పిల్లలు కూడా చిట్టిరాణీ అని కేకేసేవారట. ఎంత పనిలో ఉన్నా, "ఆఁ, వస్తున్నా!" అని పలికేదట.